డెబ్బై వేలల్లో గేమింగ్ పీసీ: తిరుపతిలో ఏ ప్రాసెసర్ తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో రూము తీసుకుని బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గేమింగ్ పీసీ కట్టించుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. మామిడికాయల డబ్బులు రాగానే డెబ్బై వేలు ఇస్తానని మా నాయన ఒప్పుకున్నాడు. చదువుకూ పనికొస్తుందని చెప్పి ఒప్పించాను. మానిటర్ పాతది ఉంది, ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఫ్రెండ్స్‌తో రోజూ ఆడతాను. జీటీఏ 5, సైబర్‌పంక్ కూడా ఆడాలని ఉంది. యూట్యూబులో ఎవర్ని చూసినా రైజెన్ 7800ఎక్స్3డి, 9800ఎక్స్3డి అంటున్నారు. ఇక్కడ షాపులో అడిగితే స్టాకు లేదు, అడ్వాన్సు కడితే తెప్పిస్తాం, ఇప్పటికిప్పుడు కావాలంటే ఐ5 14400ఎఫ్ ఉంది అన్నారు. ఇంకో షాపులో రైజెన్ 5 5600 ట్రే పీసు 9,000, బాక్సుదైతే 11,500 చెప్పారు. ఫ్రెండేమో రైజెన్ 5 7600 తీసుకో, ముందుముందు మార్చుకోవచ్చు అంటాడు. చెన్నై వెళ్లి రిచ్చీ స్ట్రీట్‌లో కొంటే తగ్గుతుందా? ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, సూటిగా చెప్పేస్తాను. నీ డబ్బుకి, నీ మానిటర్‌కి, నువ్వు ఆడే ఆటలకి రైజెన్ 5 5600 బాక్సు పీసు తీసుకో. అది దొరక్కపోతే ఇంటెల్ ఐ5 12400ఎఫ్, అదీ బాక్సుదే. ఎక్స్3డి కోసం అడ్వాన్సు కట్టొద్దు. ట్రే పీసు, అంటే కంపెనీ డబ్బా లేకుండా విడిగా అమ్మే చిప్పు, దాని జోలికి పోవద్దు. నీ ఫ్రెండు చెప్పిన 7600 మంచి ప్రాసెసరే, కానీ ఈ రోజుల్లో ర్యామ్ ధర అడిగాకే దాని గురించి ఆలోచించాలి. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను. నాయన కష్టపడి పండించిన డబ్బు కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆటలో ప్రాసెసర్ చేసే పనేంటో చూద్దాం. తెర మీద కనిపించే ప్రతి ఫ్రేముకీ ముందు ప్రాసెసర్ లెక్క కట్టాలి: ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, ఏ గోడ వెనక ఏముంది. ఆ లెక్క అందుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. రెండింట్లో ఏది నెమ్మదైతే ఆట ఆ వేగంతోనే నడుస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివాటిలో బొమ్మ గీయడం తేలిక, అందుకే భారం ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్‌ని సెట్టింగులు పెంచి ఆడితే గ్రాఫిక్స్ కార్డు నలిగిపోతుంది, ప్రాసెసర్ ఖాళీగా దాని కోసం ఎదురుచూస్తుంది.

ఇక యూట్యూబు వాళ్ల సంగతి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఎక్స్3డి రకాల్లో చిప్పు మీద అదనంగా క్యాష్ మెమరీ పేర్చి ఉంటుంది. మామూలు 7600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ అయితే 7800ఎక్స్3డిలో 96 ఎంబీ. ఆటకి కావాల్సిన సమాచారం ర్యామ్ దాకా వెళ్లకుండా దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి ఫ్రేములు పెరుగుతాయి. కానీ ఆ పరీక్షలు ఎలా చేస్తారో కూడా గమనించు. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని అందుబాటులో ఉన్న అన్నిటికంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు, 4090నో 5090నో పెట్టి, ఫుల్ హెచ్‌డీలో నడుపుతారు. ప్రాసెసర్‌ని పరీక్షించడానికి అది సరైన పద్ధతే. నీ దగ్గర ఉండబోయేది 5060 స్థాయి కార్డు. దాంతో బరువైన ఆటలు ఆడితే ఆ గ్రాఫుల్లో కనిపించే తేడాలో ఎక్కువ భాగం నీ తెర మీదికి రాదు.

డబ్బు లెక్క కూడా చూడు. 7800ఎక్స్3డి 2023 ఏప్రిల్‌లో 449 డాలర్లకి వచ్చింది, 9800ఎక్స్3డి 2024 నవంబర్‌లో 479 డాలర్లకి. అమెరికాలో చెప్పే ధరలో పన్ను కలవదు. మన దగ్గర రూపాయల్లోకి మార్చి 18 శాతం జీఎస్టీ వేస్తే విడుదల ధర నలభై వేలు దాటుతుంది. 9800ఎక్స్3డి అయితే వచ్చిన కొత్తలో అమెరికాలోనే దొరక్క జనం వారాల తరబడి తిరిగారు. తర్వాత ధరలు దిగినా, బోర్డు, ర్యామ్ కలిపేసరికి నీ డెబ్బై వేలల్లో గ్రాఫిక్స్ కార్డుకి ఏమీ మిగలదు. పైగా ఆ రెండు బాక్సుల్లోనూ చిప్పుని చల్లబరిచే కూలర్ రాదు, అది వేరే కొనాలి.

నీ మానిటర్ 75 హెర్ట్జ్ అన్నావు. అంటే సెకనుకి 75 సార్లే బొమ్మ మారుతుంది. 5600తో వాలరెంట్ ఆ లెక్కకి రెట్టింపు కంటే ఎక్కువ ఫ్రేములే ఇస్తుంది. ఫ్రేములు ఎక్కువుంటే మౌస్ కదలిక కొంచెం చురుగ్గా అనిపించే మాట నిజమే, ఆడేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. కానీ దాని కోసం డబ్బు పెట్టాలనిపిస్తే వచ్చే ఏడాది 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కో. ప్రాసెసర్ మార్చినదానికంటే ఆ మార్పు నీకు ఎన్నో రెట్లు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. షాపులో ప్రాసెసర్ ధర ఎంతని అడుగుతావు కదా, ఆ ప్రశ్నే మార్చు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఎంతో అడుగు. చిప్పుల ధరలో రెండు వేలే తేడా కనిపించినా సెట్టు లెక్కలో అది ఆరు వేలు కావచ్చు. 7600 దగ్గర జరిగేది అదే. అది ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద చిప్పు కూర్చునే చోటు), దానికి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతుండటంతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. 5600కి పట్టే పాత తరం డీడీఆర్4 కూడా పెరిగింది. అయితే డీడీఆర్4కి ఒక సౌకర్యం ఉంది, చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో పాత డెస్క్‌టాప్‌లలో పడి ఉంటుంది. మీ బంధువుల్లో ఎవరైనా పాత డెస్క్‌టాప్ పక్కన పెట్టేసి ఉంటే అందులో డీడీఆర్4 ర్యామ్ ఉందేమో అడుగు. రెండు 8 జీబీ స్టిక్కులు దొరికాయంటే నీ బడ్జెట్‌లో పెద్ద ముక్క మిగిలినట్టే. ల్యాప్‌టాప్ ర్యామ్ మాత్రం దీనికి పట్టదు, సైజు వేరు.

నీ ఫ్రెండు వాదనలో న్యాయం ఉంది. ఏఎం5 సాకెట్‌ని 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఇవాళ 7600 కొంటే మూడేళ్ల తర్వాత బోర్డు, ర్యామ్ మార్చకుండా ఎక్స్3డి ఒకటి వేసుకోవచ్చు. 5600 ఉన్న ఏఎం4 సాకెట్ 2016 నాటిది, దాని ప్రయాణం దాదాపు అయిపోయింది. దానికి వచ్చిన 5800ఎక్స్3డి, 5700ఎక్స్3డి ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. కాబట్టి ఇలా చెయ్యి. రెండు సెట్ల ధరా ఒకే రోజు, ఒకే షాపులో రాయించుకో. 5600 సెట్టు ఒకటి, 7600 సెట్టు ఒకటి. తేడా ఐదారు వేలలోపు ఉంటే ఫ్రెండు మాట విను. అంతకు మించితే 5600 తీసుకుని ఆ తేడాని గ్రాఫిక్స్ కార్డులో పెట్టు. ఈ రోజు మార్కెట్‌లో నాకైతే రెండోదే జరిగేలా కనిపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం ముప్పై వేలు తగ్గకుండా పక్కన పెట్టుకుని మిగతాది లెక్క వెయ్యి.

ఐ5 14400ఎఫ్ సంగతి. అది చెడ్డ చిప్పేం కాదు. ఆరు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు. ఆ నాలుగు చిన్న కోర్లు వీడియో ఎడిటింగ్‌కి, కోడ్ కంపైల్ చేయడానికి పనికొస్తాయి, ఆటల్లో వాటి వల్ల ఒరిగేది తక్కువ. ఆరు పెద్ద కోర్లూ 2022లో వచ్చిన 12400ఎఫ్‌లోనూ ఉన్నాయి. రెండూ పట్టేది ఒకే రకం బోర్డుకి, ఆ బోర్డు కూడా డీడీఆర్4ది దొరుకుతుంది. అందుకే నేను 12400ఎఫ్ అంటున్నాను. 13, 14 తరాల ఇంటెల్ చిప్పులు పాడైపోతాయట అని నువ్వు వినే ఉంటావు. వోల్టేజ్ ఎక్కువై చిప్పు దెబ్బతినే సమస్యని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అది 13600కె, 14600కె, ఆ పైన ఉన్న పెద్ద చిప్పుల గొడవ. 14400ఎఫ్ ఆ జాబితాలో లేదు. 12వ తరానికి అసలు ఆ సమస్యే లేదు. షాపాయన 14400ఎఫ్‌ని 12400ఎఫ్ కంటే ఓ వెయ్యి ఎక్కువకే ఇస్తానంటే తీసుకో, తప్పు లేదు.

పేర్ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. ఇక్కడే చాలామంది మోసపోతారు, ఒక్కోసారి అమ్మేవాళ్లకే తెలియక అమ్మేస్తారు. 5600 అడిగితే "5600జి ఉంది, ఇంకా మంచిది, గ్రాఫిక్స్ కూడా లోపలే ఉంటాయి" అంటారు. 5500 చూపించి "వంద తేడా, రెండూ ఒకటే" అంటారు. రెండూ ఒకటి కాదు. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5500లోనూ 5600జిలోనూ 16 ఎంబీయే. ఆటల్లో ఆ సగం క్యాష్ తేడా కనబడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య సమాచారం నడిచే దారిని పీసీఐఈ అంటారు. ఆ రెండూ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోయాయి, 5600 మాత్రం ఇంకా వేగమైన 4.0. నీ బడ్జెట్‌లో వచ్చే 4060, 5060, ఆర్‌ఎక్స్ 7600 లాంటి కార్డులకి దారులు ఎనిమిదే, పదహారు కాదు. ఆ ఎనిమిది దారుల్లో 3.0 వేగంతో వెళ్తే, కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోయినప్పుడు ఆట తడబడుతుంది. అందుకే బోర్డు కూడా బీ550 అడుగు. బీ450, ఏ520 కాస్త చవక, కానీ అవి 3.0వే. అలాగే 5700ఎక్స్ అడిగితే 5700 అంటగడతారు, అందులోనూ క్యాష్ సగమే. బిల్లు మీద పేరు చివరి అక్షరం దాకా చదువు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం, కార్డు పెడుతున్నావు కాబట్టి నీకు అడ్డం లేదు.

కార్డుల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. ధర చూసి ఇంటెల్ ఆర్క్ బీ580 మీద మనసు పడితే 5600తో దాన్ని జత కట్టొద్దు. చిన్న, పాత ప్రాసెసర్లతో ఆ కార్డు కొన్ని ఆటల్లో బాగా నెమ్మదిస్తుందని 2025 జనవరిలో జరిగిన పరీక్షల్లో తేలింది. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. ఎన్‌విడియాదో ఏఎండీదో తీసుకో.

ట్రే పీసు ఎందుకు వద్దన్నానంటే, కంపెనీ దాన్ని విడిగా అమ్మడానికి ఇవ్వదు. కంప్యూటర్లు తయారుచేసేవాళ్లకి ట్రేలలో పెట్టి పంపుతుంది, అక్కడి నుంచి జారి మార్కెట్లోకి వస్తుంది. బాక్సు పీసుకి ఏఎండీ అయినా ఇంటెల్ అయినా మూడేళ్ల వారంటీ నేరుగా ఇస్తాయి. ట్రే పీసుకి అమ్మిన షాపే దిక్కు. పైగా బాక్సులో రెయిత్ స్టెల్త్ కూలర్ వస్తుంది, ట్రేలో రాదు. నీకు చెప్పిన రెండు ధరల మధ్య తేడా 2,500. అందులోంచి కూలర్ కొంటే ఇంక మిగిలేదెంత?

బాక్సు చేతికిచ్చాక వెంటనే డబ్బులివ్వకు. ఏఎండీ డబ్బా పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చిప్పు మీది లోహపు మూత కనిపిస్తుంది. దాని మీద ఏ మోడల్ అని రాసి ఉంటుంది, సీరియల్ నంబరూ ఉంటుంది. ఆ నంబరు డబ్బా మీద అంటించిన లేబుల్ నంబరుతో కలవాలి. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే చక్కగా కనబడుతుంది. సీలు చిరిగి మళ్లీ అంటించినట్టుంటే ఇంకోటి అడుగు. తెరిచాక చిప్పు తిరగేసి వెలుతురులో ఏటవాలుగా చూడు. 5600కి కింద సన్నటి బంగారు రంగు పిన్నులుంటాయి, వరుసలన్నీ దువ్వినట్టు తిన్నగా ఉండాలి. ఒక్కటి వంగినా వెనక్కిచ్చెయ్. ఇంటెల్‌దీ, ఏఎం5దీ అయితే పిన్నులు చిప్పుకి ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, అప్పుడు బోర్డు చూడాలి. మరో జాగ్రత్త కూడా. ఎప్పుడైనా ఏఎం4 కూలర్ విప్పాల్సి వస్తే ముందు పది నిమిషాలు సిస్టం నడిపి ఆపేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తియ్యి. చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసిన పేస్టు గట్టిపడి ఉన్నప్పుడు పైకి గుంజితే చిప్పు సాకెట్‌లోంచి పీక్కుని వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి.

దొరకడం గురించి. తిరుపతి షాపుల్లో ఎక్కువగా కదిలేవి ఆఫీసు, బిల్లింగ్, కాలేజీ కంప్యూటర్లు. వాటికి పనికొచ్చే ఐ3, ఐ5లే ముందు తెచ్చి పెట్టుకుంటారు. నలభై వేల చిప్పు తెచ్చి అరలో పెట్టుకుంటే నెలకో ధర మారే ఈ సరుకులో నష్టపోయేది వాళ్లే, అందుకే అడ్వాన్సు అడుగుతారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఏ చిప్పుకైనా అడ్వాన్సు కట్టే పరిస్థితి వస్తే రసీదు మీద పూర్తి మోడల్ పేరు, బాక్సు పీసు అన్న మాట, ధర, ఏ తేదీలోపు ఇస్తారో రాయించుకో. తెల్ల కాగితం మీద లెక్క రాసిచ్చి, బిల్లు వద్దంటే తగ్గిస్తాం అంటే ఒప్పుకోవద్దు. రేపు వారంటీ అడిగేది ఆ జీఎస్టీ బిల్లు చూపించే.

రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. చెన్నై మౌంట్ రోడ్డు పక్కనే, పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. అక్కడ నీకు లాభం ధరకంటే ఎంపికలో ఎక్కువ. ఇక్కడ లేని మోడల్ అక్కడ నాలుగు షాపుల్లో దొరుకుతుంది, ధరలు పోల్చుకోవచ్చు. జీఎస్టీ ఎక్కడైనా ఒకటే. చిత్తూరు నుంచి అయితే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు కూడా అంతే. అయితే ఒక్క చిప్పు కోసం రోజంతా తిరగడం దండగ. వెళ్తే పూర్తి లిస్టుతో వెళ్లాలి. ఇంకోటి, ప్రాసెసర్ చెడిపోవడం అరుదు. చెడిపోయేవి బోర్డు, ర్యామ్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. అవి చెన్నైలో కొంటే ప్రతిసారీ మోసుకుని పోవాల్సింది నువ్వే. పరీక్షల వారంలో బోర్డు పోతే ఆ టెన్షన్ నీకొద్దు. కాబట్టి మొత్తం సెట్టు మీద తేడా రెండు మూడు వేలలోపైతే తిరుపతిలోనే తీసుకో, నడిచి వెళ్లి అడగగలిగే షాపులో. ఆన్‌లైన్‌లో అయితే కనిపించే ధర కంటే ముందు అమ్మేవాడి పేరు చూడు, బాక్సా ట్రేనా అన్నది వివరాల్లో చదువు.

ఇంకా కొన్ని చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్కు కాకుండా 8 జీబీవి రెండు పెట్టించు, రెండు దారుల్లో పనిచేస్తే ఆటల్లో ఫ్రేములు పెరుగుతాయి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించు, లేకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది. మన తిరుపతి ఎండల్లో, మిద్దె కింద రూములో కూడా 65 వాట్ల 5600కి బాక్సు కూలర్ సరిపోతుంది, క్యాబినెట్ ముందు భాగం గాజు కాకుండా జాలీ ఉన్నది తీసుకో. ఆ చిప్పు గరిష్ఠంగా 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఆ తర్వాత తనే వేగం తగ్గించుకుంటుంది.

ఎవరైనా పాత ఐ7 సిస్టం పదిహేను వేలకే ఇస్తామంటే ఆ ఐ7 ఏ తరానిదో అడుగు. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు ఉండాలి. 5600లోనూ 12400ఎఫ్‌లోనూ ఆ సమస్య రాదు, బయాస్‌లో ఆన్ చేసి ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

నాయనకి చెప్పిన మాట కూడా నిలబడుతుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న ఈ సెట్టు మీద నీ బీటెక్ కోడింగ్, వర్చువల్ మెషీన్, చిన్నాచితకా ప్రాజెక్టులు అన్నీ నడుస్తాయి.

షాపులో సిస్టం కట్టాక అక్కడే ఆన్ చేయించి, బయాస్ తెరిపించి, ప్రాసెసర్ పేరు, ర్యామ్ వేగం నీ కళ్లతో చూసుకుని ఫోటో తీసుకో. బీ550 బోర్డు పాత స్టాకుదైతే 5600ని గుర్తుపట్టడానికి బయాస్ అప్‌డేట్ చేయాల్సి రావచ్చు, అది వాళ్లతోనే చేయించు. రెండు సెట్ల కొటేషన్లు చేతికొచ్చాక నాకు పంపు, గ్రాఫిక్స్ కార్డు ఏదో అప్పుడు తేల్చుకుందాం.